అరుగు మీది జమ్మి

అన్నా,

నువ్వు పోయినంక ఇది మూడో దసరా. నా బిడ్డ కూడ నీ లెక్కనే. ఎవలన్న ముట్టుకుంటే వణుకుతది, మొఖం చూడది. జగిత్యాల డాక్టరమ్మ దీన్ని ఆటిజం అంటరని చెప్పింది. గా మాట నువ్వు బతికున్నన్ని దినాలు మనకు తెల్వకపాయె. సిరిసిల్లల మన గల్లీ అంత నీకు పొగరనే అనుకున్నది.

మొన్న పండుగకు జమ్మాకు చేతుల పెట్టి అలుముకోనీకి వచ్చేటోళ్లకు ముందుగాల్నే చెప్పిన. "బిడ్డను అలయ్ బలయ్ చేసుకోకుండ్రి, భయపడ్తది. ఆకు అరుగు మీద పెట్టుండ్రి, అదే తీసుకుంటది" అన్న. కొందరు నవ్విండ్రు. కోరుట్ల మామ నవ్వలే. రెండాకులు అరుగు మీద పెట్టి, దూరం జరిగి కూసున్నడు. శానసేపటికి బిడ్డ వచ్చి ఒకాకు తీసుకున్నది. ఇంకోటి మామ దిక్కు జరిపింది.

మామ కండ్లు తుడుసుకున్నడు. "మీ అన్న గూడ గిట్లనే ఆకు అరుగు మీద పెట్టి పోతుండె రా. పండుగపూట పెద్దమనిషిని లెక్కచేస్తలేడని నేనే గుంజి అలుముకున్న" అన్నడు.

మామకు సగమే యాదికున్నది. ఆయనొక్కనితోని అయితలేదని నీ చేతులు పట్టుకున్నది నేను. ఎన్నడు ఎవ్వరి మొఖం చూడనోనివి, గా దినం నా మొఖం చూసి, ఇడువుమని ఒర్రినవ్.

గా సంగతి మామకు చెప్పలే. నీ ఫొటో ముందట జమ్మి పెట్టి, దూరం జరిగి కూసున్న.

తీసుకో అన్నా. ముట్టుకోను.