పలకని బొత్తాం

ముదిగుబ్బ,
11 జూన్ 2025.

మిత్రుడు రామదాసుకు,

బదరీనారాయణ నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాసుకునే కాలం మన మధ్య దాటిపోయింది. పోయిన నెల ధర్మవరంలో నీ అంగడికి వచ్చినప్పుడు నువ్వు గట్టిగానే ఉన్నావని కళ్లారా చూశాను. నాకు మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయి.

పద్నాలుగేళ్లు నీ అంగడి మెట్లు ఎందుకు ఎక్కలేదో నువ్వు మరిచిపోయి ఉంటావు. గ్రంథాలయంలో నేను వానల మీద గంటసేపు ప్రసంగిస్తే, చివర నువ్వు లేచి, "మా బదరి చదివిందంతా నిజమేనప్పా, కాకపోతే ఆ వానలు మన సీమవి కాదు" అన్నావు. జనం చప్పట్లు కొట్టారు. నాకు కాదు, నీకు. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ణి రేడియోలు అమ్మేవాడు తప్పుపట్టడమా అని ఆ రోజే నీ పేరు కొట్టేశాను. అలా కొట్టేసిన పేర్లు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒకదాన్ని మళ్లీ రాసుకోవడం ఇదే మొదటిసారి.

నేను వచ్చింది అంజినప్ప కోసమని అప్పుడే చెప్పాను. మా వీధి చివర ఉంటాడు, గొర్రెలు కాస్తాడు. పోయిన ఏడాది మే నెలలో గుట్ట మీద పిడుగు పడి పదకొండు గొర్రెలు చచ్చాయి. వాడి ఎడమ చెవి పోయింది. పిడుగు పడే సంగతి ముందుగా ఫోనుకే పంపుతాం అంటారు ప్రభుత్వ ఆఫీసువాళ్లు. మంద వెంట నాలుగు రోజులు తిరిగేవాడి ఫోనుకు చార్జింగు ఎవరు పెడతారు? గుట్ట వెనక సిగ్నల్ ఎక్కడుంది? ఇదంతా మూడు అర్జీల్లో రాశాను. జవాబు రాయడానికి వాళ్లకు సిరా దొరకలేదు. అందుకే ఈ ఏడాది మబ్బులు పట్టకముందే వాడి చేతిలో మంచి రేడియో పెట్టాలనుకున్నాను.

నువ్వు మూడు పెట్టెలు ముందు పెట్టావు. నేను మొదటిదాన్నే పట్టుకున్నాను. దాని మీద వాతావరణం కోసం ప్రత్యేకంగా ఒక బొత్తాం ఉంది. "ఏమప్పా బదరీ, ఆ బొత్తాం అమెరికాలో పలుకుతాది. వాళ్లకు దానికని వేరే స్టేషన్లు ఉండాయి. ఈడ నొక్కితే గుయ్యిమంటాది, అంతే" అన్నావు. నీళ్లు అడిగాను. నువ్వు ఎండవల్ల అనుకున్నావు.

రెండోది ఎండతో చార్జి అయ్యేది. "మబ్బు పట్టిన దినమే కదప్పా దీంతో పని? ఆ దినమే ఇది పండుకుంటాది" అని పక్కకు నెట్టావు. మూడోదానికి ఎండ పలక ఉంది, చేత్తో తిప్పే పిడి ఉంది, టార్చిలైటు సెల్లు వేసుకునే గది కూడా ఉంది. పిడి నా చేత తిప్పించావు. "నీ చేతులకే తిరిగిందంటే ఎవురి చేతులకైనా తిరుగుతాది" అని నవ్వావు. తర్వాత దాన్ని నడుమెత్తు నుంచి నేల మీదికి వదిలేశావు. నీ భార్య నాగలక్ష్మమ్మ లోపలినుంచి, "యాపారం జేస్తాండావా, పగలగొడతాండావా?" అని కేకేసింది. "గొర్రె తొక్కితే చూసుకోవల్ల కదే!" అని నువ్వు మళ్లీ వదిలావు. అది పాడుతూనే ఉంది.

కానీ నేను తల వంచింది ఆ తర్వాతి మాటకు. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ రాని చోట ముల్లు నిలిపి, "వార్తలు ఎప్పుడో చెప్తారు. మెరుపు అప్పుడే చెప్తాది. యాడన్నా మెరిస్తే ఈడ చిటుక్కుమంటాది. చిటుకులు దగ్గర దగ్గరగా పడితే గుట్ట దిగమను. ఎఫ్ఎంలో ఇది ఇనపడదు" అన్నావు. ఎందుకు అలా అవుతుందో నేను ఎన్నో తరగతులకు బోర్డు మీద రాసి చెప్పాను. దానితో ఒక మనిషిని కాపాడవచ్చని ఒక్కనాడూ తోచలేదు.

ఆ మూడోదాన్నే తెచ్చి అంజినప్పకు ఇచ్చి, నీ మాటే వాడికి చెప్పాను. మొన్న శనివారం నువ్వన్నట్టే జరిగింది. గుట్ట మీద ఎండ కాస్తోంది. అంజినప్ప కుడి చెవికి రేడియో ఆనించుకుని, చిటపటలు ముసురుకోవడం విని మందను అదిలించాడు. పక్క మంద నరసింహప్ప, "ఎండ కాస్తాంటే యాడికిరా దిగేది, పెట్టెకు పిచ్చా నీకా?" అని ఎగతాళి చేశాడట. అయినా వెంట దిగాడు. అరగంటకు వాళ్లు నిలబడిన బండ మీదే పిడుగు పడింది. రెండు మందల్లో ఒక్క గొర్రె పోలేదు.

చాలా పుస్తకాలు చదివాను, రామదాసూ. వస్తువును నీలాగా చదివినవాణ్ణి చూడలేదు. ఆనాడు గ్రంథాలయంలో నువ్వన్నది సరైన మాటే.

ఇట్లు,
నిన్ను మెచ్చుకోవడానికి పద్నాలుగేళ్లు పట్టిన
బదరీనారాయణ

తా.క.: పోయిన ఏడాది పిడుగు పడిన రోజు అంజినప్ప చేతిలో రేడియో ఉంది. ఆ మాట పైన రాయలేదు. నువ్వు చూపిన మొదటి పెట్టె లాంటిదే. ఎక్కడో చదివి, నేనే తెప్పించి ఇచ్చాను. బొత్తాం నొక్కితే హెచ్చరిక వస్తుంది, రాకపోతే భయం లేదని చెప్పింది నేనే. ఆ రోజు మబ్బు చూసి వాడు దిగబోయాడు. బొత్తాం నొక్కాడు. అది పలకలేదు. నా మాట నమ్మి ఆగిపోయాడు. తను సరిగ్గా నొక్కలేదని ఇప్పటికీ అనుకుంటున్నాడు. "నా యేలికి సదువు లేదు కదా సారూ" అన్నాడు. నేను కాదనలేదు. రేపు పొద్దున వాడి ఇంటికి పోతున్నాను. దారిలో మనసు మార్చుకుని వెనక్కి తిరగకుండా, ఈ ఉత్తరం ముందు పోస్టులో వేసి పోతాను.