పేరు లేని ఏడు నాటకాలు

చెల్లె సంధ్యకు,

రచయితగా తీసుకోవడానికి సినిమావాళ్లు నిన్ను నాటకాలు రాసినట్టు రుజువు అడిగారని తెలిసింది. మన సిద్దిపేట నాటక దళం కరపత్రాల్లో ఎక్కడా నీ పేరు లేదు.

"అన్నా, కొరియాల ఒకాయన పదేండ్లు వేరేటోళ్లకు కథలు రాసిండు. అండ్ల పేరు పడ్డది గాబట్టే ఇప్పుడు సొంతంగ సినిమాలు తీస్తుండు. కరపత్రంల నా పేరు గూడ ఎయ్యరాదు?" అన్నావు ఆనాడు.

"గా కొరియా ముచ్చట గీడెందుకు? మనది సమష్టి కృషి, పేర్లెందుకు?" అని అందరి ముందూ కసిరాను. అదే కరపత్రంలో దర్శకుడిగా నా పేరు వేసుకున్నప్పుడు ఏ సమష్టీ గుర్తురాలేదు. స్త్రీల శ్రమదోపిడీ మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాణ్ణి!

ఏడు నాటకాలూ నువ్వే రాశావని సంతకం చేసిన కాగితం దీంతో పంపుతున్నాను. మూడోదాంట్లో చివరి రంగం మాత్రం నేను పట్టుబట్టి మార్చి చెడగొట్టాను. అది నా పేరు మీదే ఉండనీ.

నీ అన్న