సున్నా నంబరు డిస్కు

జూన్ 4

నేను లేకుండా కంప్యూటర్ మూత తియ్యనని బావ నాకు మాట ఇచ్చాడు. తన స్టూడియోలో, కెమెరా స్టాండు మీద చెయ్యేసి మరీ. నెల తిరక్కుండా తీశాడు. ఊళ్లో సగం మంది మొహాలు పోయాయి.

ఇవాళ మేనకోడలు ఫోన్ చేసింది. స్టూడియో ఖాళీ చేస్తున్నారట. ఆ పాత డిస్కులు అటక మీద దొరికాయట. వాటిలో వాళ్లమ్మ ఫొటో ఒక్కటైనా మిగిలిందేమో చూడమంది. మీ నాన్ననే అడగమన్నాను. అడిగే నీకు చేస్తున్నాను మామయ్యా అంది.

జూన్ 5

వెళ్లను.

జూన్ 6

వెళ్లాను. మూడు డిస్కులు సంచిలో వేసి ఇచ్చింది. లోపలి గదిలోంచి బావ దగ్గు వినబడింది. నేను గుమ్మం దాటలేదు.

జూన్ 7

పక్కింటి రిటైర్డ్ ప్రొఫెసర్ సంచి చూసి, డిస్కు పేరు డిస్కులోనే రాసి ఉంటుంది కదా అన్నాడు. ఈయనకు డాక్టరేట్ ఇచ్చినవాళ్లను వెతికి పట్టుకోవాలి.

పేరుకీ మనిషికీ ఉన్న సంబంధం మీద లావుపాటి పుస్తకాలు చాలానే చదివాను. ఈ డిస్కు వెనక పిన్నులంత స్పష్టంగా ఏదీ చెప్పలేదు. పిన్నులకు చిన్న తొడుగులు పెట్టి నంబరు ఇస్తాం. అదే డిస్కు అసలు అడ్రసు. సిస్టమ్ లేవగానే సున్నా నుంచి వరసగా పిలుచుకుంటూ పోతుంది. మొదట పలికినదాని పేరు ఎస్‌డీఏ, తర్వాత పలికినదాని పేరు ఎస్‌డీబీ. ముందర ఇంకొకటి వచ్చి నిలబడితే అందరి పేర్లూ ఒక మెట్టు దిగుతాయి. ఇప్పటి సిస్టమ్‌లు సీరియల్ నంబరుతో కూడా గుర్తుపడతాయి. స్టూడియోలో నేను అమర్చిన పాత పెట్టెలో ఆ ఏర్పాటు లేదు.

ఫొటోల డిస్కుకి రెండో నంబరు ఇచ్చాను, దాని నకలుకి నాలుగు. రోజూ షట్టర్ దించేటప్పుడు ఎస్‌డీఏ మొత్తం ఎస్‌డీబీ మీదికి కాపీ అయ్యేది. చోటు చాలక కొత్త డిస్కు తగిలించారు. తొడుగు లేదు, అంటే నంబరు సున్నా. ఖాళీ డిస్కు ఎస్‌డీఏ అయి కూర్చుంది, ఫొటోలు ఎస్‌డీబీ అయ్యాయి. ఆ సాయంత్రం ఫొటోల మీద ఖాళీ పరుచుకుంది.

అప్పటికీ నకలు క్షేమం. అది మూడో పేరుకి జరిగి బతికిపోయింది. మర్నాడు పొద్దున నాకొక ఫోన్ చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. కొత్తది పీకేసి, ఏమీ ఎరగనట్టు మూత పెట్టారు. పేర్లు మళ్లీ మొదటికొచ్చాయి. ఆ సాయంత్రం కాపీ మామూలుగా నడిచి, ఖాళీని తీసుకెళ్లి నకలు మీద కూడా పరిచింది.

జూన్ 8

పొద్దుటి నుంచీ ముక్కులో ఫొటోలు కడిగే హైపో వాసన. ఇంట్లో హైపో ఎక్కడిది.

స్టూడియోలోని పాత నెగటివ్‌లన్నీ అక్కే స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఒక్కొక్కటీ కిటికీకి ఎత్తి చూసి, ఇది ఫలానావాళ్ల కోడలు, ఈయన మన బడి డ్రిల్లు మాస్టారు అని చెప్పేది. తెల్ల జుట్టు, నల్ల పళ్లు. అందులో మనిషిని పోల్చుకోవడం నావల్ల అయ్యేది కాదు. ఒకసారి మా ఇద్దరి చిన్నప్పటి నెగటివ్ దొరికింది. "చూడరా, మనం అప్పుడే ముసలాళ్లమైపోయాం," అంది. టీ గ్లాసు ఒలికేదాకా నవ్వాం.

స్కాన్ అయ్యేసరికే నెగటివ్‌లు చెమ్మకి ముద్దలయ్యాయి. బావ పారబోశాడు.

జూన్ 9

డిస్కులు తగిలించి మొదటి నుంచి చివరి దాకా చదివించాను. సున్నాలు. మూడింటిలోనూ సున్నాలే.

మేనకోడలికి చెప్పాను. నాన్న నీతో మాట్లాడాలంటున్నాడు మామయ్యా అంది.

జూన్ 10, సాయంత్రం నాలుగు

బావ బాగా చిక్కిపోయాడు. కుర్చీ చూపించాడు. ఏమోయ్, ఇంకా పుస్తకాల పురుగువేనా అని అడిగాడు. మీరింకా అబద్ధాల కోరేనా అన్నాను. నవ్వబోయి దగ్గాడు.

"మూత తీసింది మీ అక్క," అన్నాడు.

ఎవరివో పెళ్లి ఫొటోలు ఎక్కించడానికి చోటు లేదట. తమ్ముడు చేస్తుంటే చూశాను, అదేమంత బ్రహ్మవిద్య అందట. మర్నాడు అంతా ఖాళీ. వాడికి తెలిస్తే నా మొహం చూడడు అని ఏడ్చిందట. డిస్కు పీకింది మాత్రం బావే. నేను వెళ్లి అరిచినప్పుడు, నేనే చేశానని చెప్పిందీ బావే.

"నాతో మాట్లాడకపోతే పోయావులే, మీరిద్దరూ బాగుంటారనుకున్నా."

"బాగున్నామా బావా?"

ఆయన గోడ వైపు తిరిగాడు.

జూన్ 11

ఫొటోలు పోయాక నేను ఆ ఇంటి గడప తొక్కడం మానేశాను. అక్కే వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆవిడ మొగుణ్ణి తిట్టి పంపేవాణ్ణి. ఆవిడ ఏదో చెప్పబోయి, చెంగు సర్దుకుని లేచేది. రాకపోకలు తగ్గాయి. ఆ తర్వాత ఫోన్లు. అక్క పోయిన రోజు గేటు బయట నిలబడి చూసి వచ్చాను.

జూన్ 14

అక్క మీదైతే నా కోపం వారం ఉండేది. చిన్నప్పుడు నా పలక విరగ్గొట్టినప్పుడూ అంతే. ఎనిమిదో రోజు నేనే వెళ్లేవాణ్ణి.

ఆ వారం బావ నాకు దక్కనివ్వలేదు.

బావదే తప్పు.