గెలిచినవాళ్ల గీత

సుగుణక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. మన బడికి ఇప్పటికీ పీఈటీ లేడు. అయినా శనివారం పరుగు పందెం ఒక్కసారీ మానలేదు. నువ్వు పెట్టిన పద్ధతిలోనే ఒక్కో పిల్లకు ఒక్కో గీత వేస్తున్నాం. గెలిచినవాళ్ల గీత వచ్చే వారం అడుగు వెనక్కి, ఆఖరున వచ్చినవాళ్లది అడుగు ముందుకు.

ఇవాళ కొత్త హెడ్మాస్టరు చూడడానికి వచ్చారు. మెట్లలా ఉన్న ఆ గీతలు చూసి, "పందెమంటె అందరికి ఒక్కటే గీత ఉండాలె గద టీచర్. వచ్చే వారం నుంచి గట్లనే పెట్టుండ్రి" అన్నారు. నీలా వాదించడం నాకు రాదు. తలూపి ఈల ఊదాను. తిట్టుకో.

ఈ ఏడే ఒకటో తరగతిలో చేరిన అనిత అందరికంటే పొట్టిది. ఎప్పుడూ ఆఖరే. వారం వారం ముందుకు జరిగిన గీత మీంచి ఉరికి, ఇవాళ మొదటిసారి అందరికంటే ముందు అవతలి కొసన కట్టిన తాడు తాకింది. చిట్యాల రోడ్డు మీద లారీల మోత కూడా వినబడనంతగా పిల్లలు అరిచారు. ఆ సందడి ఆగకముందే ఆ పిల్ల ముగ్గుపిండి డబ్బా తీసుకుని వెనక్కి నడిచింది. తన గీతను కాలితో చెరిపి, అడుగు వెనక కొత్తది గీసింది.

"ఎవరు చెప్పిండ్రు బిడ్డా?" అని హెడ్మాస్టరు అడిగారు.

"ఎవలు చెప్తరు సార్. గెలిస్తె ఎనకకు జరగాలె గద."

ఆయన ఆ పిల్ల చేతిలోని డబ్బా అందుకున్నారు. వంగి, ఆ గీత వంకర సరిచేశారు.

ఆ పిల్ల నిన్ను ఎన్నడూ చూడలేదక్కా.