ఒక వైపు మరక

బాబాయికి నమస్కారం.

నీ గొడుగుల కొట్టు బాగా నడుస్తోందని తలుస్తాను. దీంతోపాటు రబ్బరు చట్రం, ఒక ప్లాస్టిక్ పొర పంపుతున్నాను. పొర మధ్యలో సూది మొన కంటే సన్నటి చిల్లు ఉంటుంది. ఉప్పునీళ్లలో అయాన్లని, కరెంటు మోసే రేణువులుంటాయి. అవి ఆ చిల్లులోంచి ఒక వైపుకి వెళ్లాలి, వెనక్కి రాకూడదు. నాకేమో అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఈసారీ ఇంతే అయితే ఈ పని మానేయమన్నారు మా మాస్టారు. పైగా అంచు కారుతోంది. రెయిన్‌కోట్లకి వేసే జిగురుతో అంచు అతికించి పంపు.

నీ అన్న కూతురు

తా.క.: చిల్లు మూయకు. నీ సంగతి నాకు తెలుసు.

*

సైంటిస్టమ్మకి ఆశీస్సులు.

అంచు అతికించాను. చుక్క కారితే నన్నడుగు. చిల్లు మూయలేదు. చిల్లున్న వస్తువు నా కొట్టు దాటడం ఇదే మొదలు. మీ పిన్నికి చెప్పకు. అయినా, వెళ్లినవి తిరిగి రాకుండా ఉండటానికి ఇంత చదువెందుకే? నేను అరువిచ్చిన ఏ గొడుగునైనా అడుగు.

బాబాయి

తా.క.: పొరకి రెండు వైపులా పసుపు మరక ఉంది. అలా ఇస్తే మీ మాస్టారేమనుకుంటారు? ఒక వైపు బ్లేడుతో శుభ్రంగా గీకేశాను. రెండోది గీకబోతుంటే వాన పట్టుకుంది, జనం విరిగిన గొడుగులతో మీద పడ్డారు. ఏమీ అనుకోకు.

*

బాబాయ్!

అది మరక కాదు. అదే నా పరిశోధన! ఆ పసుపు పూత నిండా అయాన్లు దూరే సందులుంటాయి. ఎండాకాలమంతా కూర్చుని తయారుచేశాను. పూత సరుకు అయిపోయింది. ఈ వారమే మాస్టారు చూస్తారు. ఇక నాకు నీ కొట్టే గతి.

ఏడుస్తూ, నీ అన్న కూతురు

తా.క.: అంచు మాత్రం చుక్క కారలేదు.

*

సైంటిస్టమ్మకి,

తప్పయింది తల్లీ. నా కళ్లకి మరకలాగే ఉంది. పసుపు రెయిన్‌కోటు చేయి ఒకటి కత్తిరించి పంపుతున్నాను. రంగు సరిగ్గా కలిసింది. ఎవరి కోటని అడక్కు.

తలెత్తుకోలేని బాబాయి

తా.క.: కొట్టులో నీకు కుర్చీ వేశాను. మీ పిన్ని అందులోంచి లేవడం లేదు. నువ్వేం తొందరపడకు.

*

బాబాయికి కోటి నమస్కారాలు.

వేరే దారి లేక నువ్వు గీకిన పొరే పెట్టాను. అయాన్లు వెళ్లాయి. కరెంటు దిక్కు మార్చి చూశాం. వెనక్కి రాలేదు! మాస్టారు నమ్మలేక మీటరుని తట్టి తట్టి చూశారు. రెండు వైపులా పూత పూసి, రానూపోనూ దారి ఒకేలా చేయడమే నా పొరపాటట. పని మానక్కర్లేదు! పనికిరావని పక్కన పడేసిన పాత పొరలన్నీ పంపుతున్నాను. నేను గీకితే చిరుగుతున్నాయి.

నీ అన్న కూతురు

తా.క.: అచ్చం అప్పుడు చేసినట్టే చెయ్యి. ఏదీ మార్చకు.

*

సైంటిస్టమ్మకి ఆశీస్సులు.

పొరలు అందాయి. కొత్త బ్లేడు కూడా తెచ్చుకున్నాను. ఇంకా మొదలుపెట్టలేదు. అచ్చం అలాగే అన్నావు కదా, రెండో వైపు గీకబోయేసరికి వాన రావాలి. ఇక్కడ మబ్బు తునక కూడా లేదు. మాస్టారిని కాస్త ఓపిక పట్టమను.

బాబాయి

తా.క.: ఆ పసుపు చేయి వెంటనే వెనక్కి పంపు. కోటు ఆసామి కూడా నా పక్కనే కూర్చుని ఆకాశం కేసి చూస్తున్నాడు.