సాయంత్రపు ఎండలో గుట్ట

శనివారం, బంద్ మర్నాడు. దిల్‌సుఖ్‌నగర్.

నిన్న ఒకే గుట్టను ఒకే చోట నిలబడి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసిన మూడు ఫోటోలు ఈ ఉదయం నా ఫోటో స్టూడియో ముందు అద్దాల్లో పెట్టాను. ఎండ మారితే రాయి ఎలా మారుతుందో అందరికీ చూపించాలని నా సరదా.

సాయంత్రం ఇంటి ఓనరమ్మ వచ్చి మూడో ఫోటో ముందు ఆగిపోయింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో తిరిగే ఆమె కొడుకు నరేష్ కోసం పది రోజులుగా పోలీసులు వెతుకుతున్నారు. మధ్యాహ్నపు ఎండలో కనిపించని నలుగురు మనుషులు ఏటవాలు వెలుగులో బండ పక్కన స్పష్టంగా ఉన్నారు.

"సారూ, గా ఎర్రంగి ఏసుకున్నోడు మా నరేషే. ఇంకా గాడనే ఉన్నడు. జర గీ ఫోటో లోపల పెట్టుండ్రి."

వెంటనే లోపల పెట్టేశాను. కానీ పాస్‌పోర్ట్ ఫోటోకొచ్చిన కానిస్టేబుల్ మధ్యాహ్నమే దాన్ని చాలాసేపు చూశాడు. "మంచిగున్నది. గీ గుట్ట యాడుంటది?" అన్నాడు. నేను పొంగిపోయి దారి కూడా చెప్పాను.

ఆమెకు ఆ మాట చెప్పలేకపోయాను. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి, కానిస్టేబుల్‌కి దారి కావాలని చెప్పలేదంటే ఎవరు నమ్ముతారు?

ఇందాకే ఆమె గిన్నెలో కూర తెచ్చిచ్చింది.

"మా పోరన్ని కాపాడిండ్రు సారూ" అంది.

గిన్నె మూత తియ్యలేదు.