చిన్న గొట్టం మూత

కళ్ళద్దాల దుకాణం నడుపుకుంటూ, శనివారం సాయంత్రాలు మేడ మీద కొత్తవాళ్ళకు ఆకాశం చూపిస్తూ, నలుగురి చేత "చుక్కల మాస్టారు" అనిపించుకుంటూ డెబ్బై రెండో ఏట పడ్డ నేను, నా తదనంతరం ఏది ఎవరికి చెందాలో తెలుపుతూ స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. గుండె డాక్టరు నన్ను చూసినప్పుడల్లా పెదవి విరవడం మొదలుపెట్టి ఏడాదైంది. తలకు మాత్రం ఏ జబ్బూ లేదని అదే డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. ఎవరి ఒత్తిడీ లేదు, ఎవరి ప్రలోభమూ లేదు. లోగడ రాసిన వీలునామా ఒకటి బీరువాలో ఉంది. అందులో నిజం మొత్తం లేదు కాబట్టి దాన్ని రద్దు చేస్తున్నాను.

1. దీన్ని అమలు జరిపే అధికారం నా ఒక్కగానొక్క కూతురికి ఇస్తున్నాను. అది వంతెనలు కట్టించే ఇంజనీరు. ఒక్క మర బిగించడం మరిచిపోతే ఏమవుతుందో దానికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయిదో అంశం దగ్గరికి వచ్చేసరికి దానికి నా మీద కోపం వస్తుంది. రానీ. కాగితం మాత్రం చింపకు తల్లీ, చదవాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు.

2. నేనుంటున్న ఇల్లు, మేడతో సహా, కింద ఉన్న దుకాణంతో సహా, నా కూతురికి సర్వహక్కులతో చెందుతుంది. మేడకు పదిహేడు మెట్లు. పన్నెండోది వదులుగా ఉందని మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పింది, నేను రేపు చూద్దామన్నాను. నా నీలం అట్ట నోటుబుక్కు కూడా నీకే. అందులో మొదటి పేజీ నీది. నీకు నాలుగేళ్ళప్పుడు సైకిలు ముందు కూర్చుని, చందమామ మనతోపాటే ఎందుకొస్తున్నాడని అడిగావు. దగ్గరున్నవి వెనక్కి పోతాయి, బాగా దూరంగా ఉన్నవి మనతో వస్తున్నట్టే ఉంటాయి అన్నాను. నువ్వు కాసేపు ఆలోచించి, "అయితే నువ్వు బాగా దూరంగా ఉండు నాన్నా" అన్నావు. ఆ రాత్రే శనివారం పాఠం పెట్టాలని అనుకున్నాను. ఆ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

3. మా ఖగోళ సంఘం అధ్యక్షుడికి నా గదిలో గోడకున్న చంద్రుడి పటం ఇస్తున్నాను. ఒక షరతు. మనకు కనిపించని ముఖాన్ని "చీకటి వైపు" అని సభల్లో చెప్పడం ఆయన ఇకనైనా మానాలి. అక్కడా పద్నాలుగు రోజులు ఎండ కాస్తుంది. మనకు అమావాస్య అయిన రోజు అక్కడ మిట్టమధ్యాహ్నం. ముప్పై ఏళ్ళుగా ఈ ముక్క చెబుతున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఆయన షరతు ఒప్పుకోకపోతే పటాన్ని పాత పేపర్లవాడికి ఇచ్చెయ్యండి, అతనైనా తిరగేసి చూస్తాడు.

4. శనివారం పాఠం ఆగకూడదని నా కోరిక. కోరికను చట్టం అమలు చెయ్యదని వకీలు అన్నాడు. అందుకే ఇది కోరికగానే రాస్తున్నాను. ఎవరు చెప్పినా ఈ పద్ధతిలో చెప్పండి.

మొదటి మూడు నెలలు దూరదర్శిని పెట్టె తెరవద్దు. ఒకే చుక్కను, మేడ మీద ఒకే మూల నిలబడి, వారానికోసారి ఒకే గంటకు చూడమనండి. అది వారం వారం పడమటికి జరిగిపోవడం వాళ్ళే కనిపెట్టాలి. ముందే గొట్టం చూపిస్తే పుస్తకాల్లోని రంగులన్నీ కనిపిస్తాయనుకుంటారు. బూడిద రంగు మరక కనిపించేసరికి నీరుగారిపోయి మళ్ళీ రారు.

గుమ్మడికాయ పాఠం వదలొద్దు. గుమ్మడికాయంత సూర్యుణ్ణి మెట్ల దగ్గర పెట్టి, ఆవగింజ కన్నా కాస్త పెద్దదైన భూమిని పట్టుకుని వీధిలో నలభై పైచిలుకు అంగలు నడవాలి. నడిస్తేనే ఒంటికి తెలుస్తుంది, చెబితే తెలియదు. అంగారకుడి మీద తిరిగే బండి ఆట కూడా ఆడించండి. ఒక పిల్లవాడి కళ్ళకు గంతలు కట్టి బండి అనాలి, ఇంకొకడు చీటీ మీద "ఆగు", "ఎడమకు తిరుగు" అని రాసి పంపాలి, చీటీ తెచ్చేవాడు మాత్రం నత్తనడక నడవాలి. అక్కడికి మన మాట చేరడానికి నిమిషాలు పడుతుంది. ఆగమన్న చీటీ చేరేలోపు బండి గోడకు గుద్దుకుంటుంది, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు, పాఠం బుర్రకెక్కుతుంది.

మినుకుమనకుండా నిదానంగా సాగిపోయే చుక్క కనిపిస్తే, అది అంతరిక్ష కేంద్రం, అందులో ఇప్పుడు మనుషులున్నారు, బహుశా పళ్ళు తోముకుంటున్నారు అని చెప్పండి. ఎవరినీ "ఇది కూడా తెలీదా" అనొద్దు. నేను అన్న రోజులున్నాయి, సిగ్గుపడుతున్నాను.

5. ఇక అసలు సంగతి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, ఇరవై రెండేళ్ళు కడగలేదు.

ఆ ఏడు పాక్షిక సూర్యగ్రహణం పొద్దుటిపూట వచ్చింది. గ్రంథాలయం మేడ మీద నా పెద్ద గొట్టం పెట్టాం. దాని మూతికి సూర్యుడి వేడిని ఆపే నల్లపొర బిగించాం. పెద్ద గొట్టం పక్కన చిన్న గొట్టం ఒకటి ఉంటుంది, దేన్ని చూడాలో దాన్ని వెతికి పట్టుకోవడానికి. సూర్యుణ్ణి చూసే రోజున దానికి మూత పెట్టి తీరాలి. నల్లపొర లేని ఆ చిన్న గొట్టంలో కన్ను పెడితే కన్ను కాలుతుంది, నొప్పి కూడా తెలియదు. గురి కావాలంటే గొట్టం నీడ చూస్తాం. నేల మీద నీడ చిక్కి చిక్కి పళ్ళెమంత అయితే గురి కుదిరినట్టు. ఇదంతా నేనే వందమందికి నేర్పాను.

ఆ పొద్దున పల్చటి మబ్బు కమ్మి నీడ తెలియలేదు. గ్రహణం నిండుకు వచ్చే వేళ అయింది, మెట్ల కిందిదాకా జనం. నేను చిన్న గొట్టం మూత తీశాను. వెనక అరచెయ్యి పెట్టి, వెలుగు చుక్క చేతిలో పడేదాకా తిప్పాను. మబ్బు విడగానే చెయ్యి చురుక్కుమంది. అప్పుడైనా బుద్ధి రావాలి. ఈలోగా పేపరువాళ్ళు వచ్చారని అధ్యక్షుడు పిలిస్తే, మూత చొక్కా జేబులో వేసుకుని ఫొటోకు నిలబడ్డాను. వరస చూసుకొమ్మని నా బావమరిదికి చెప్పి వెళ్ళాను. అతను నా భార్యకు తమ్ముడు, ఆ గ్రంథాలయంలోనే పుస్తకాలు సర్దే ఉద్యోగి. మూత తీసి ఉందని అతనికి చెప్పలేదు.

వరసలో తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది. పెద్ద గొట్టం దానికి అందలేదు, చిన్నది కంటికి సరిగ్గా అందింది. ఆ రోజు సాయంత్రానికి కుడి కన్ను నడిమధ్య నల్లమచ్చ పడింది. ఎవరి ముఖం చూసినా ముక్కు ఉండాల్సిన చోట మచ్చ. అది ఈనాటికీ పోలేదు.

ఇంతవరకూ పొరపాటు. ఇకపైది పొరపాటు కాదు. సామాన్లు సర్దేటప్పుడు జేబులో మూత చేతికి తగిలింది. ఎవరూ చూడకుండా దాన్ని యథాస్థానంలో పెట్టాను. మర్నాడు పిల్ల తల్లిదండ్రులు వస్తే, మూత ఉన్న గొట్టమే చూపించాను. పిల్ల ఉత్త కళ్ళతో సూర్యుణ్ణి చూసి ఉంటుంది, వరస దగ్గరున్న మనిషి గమనించలేదు కాబోలు అన్నాను. ఆ రెండు మాటలకు ఇద్దరు మనుషులు బలయ్యారు. బావమరిది ఉద్యోగం ఊడింది. అతని అక్క, అంటే నా భార్య, పసిపిల్ల కన్ను పోగొట్టాడని అతన్ని గడప తొక్కనివ్వలేదు. ఆరేళ్ళ కిందట ఆ కోపంతోనే కన్నుమూసింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను, చెప్పలేదు.

ఆ పిల్లకు పంతొమ్మిదేళ్ళప్పుడు అద్దాలకని నా దుకాణానికి వచ్చింది. కొలతలు తీసుకుంటుండగా అడిగింది: "నేను ఆ రోజు ఉత్త కళ్ళతో చూశానా సార్? నాకు చిన్న గొట్టంలో చూసినట్టే గుర్తుంది. అమ్మేమో చెప్పిన మాట వినలేదంటుంది."

"చూసే ఉంటావమ్మా, చిన్నపిల్లవి కదా" అన్నాను. తనకు గుర్తున్నది తప్పేమో అనుకుంటూ తల ఊపి వెళ్ళిపోయింది. కన్ను పోవడం కన్నా ఇది పెద్ద నేరమని నాకు తెలుసు. ఆ తర్వాత పాఠంలో గుమ్మడికాయ ఎత్తినప్పుడల్లా భుజాలు తడుముకునేవాణ్ణి.

6. కాబట్టి నా పెద్ద దూరదర్శిని, పద్నాలుగు నెలలు నా చేత్తో సాన పట్టిన ఎనిమిది అంగుళాల అద్దంతో సహా, ఆ అమ్మాయికి చెందాలి. ఆమెకు ఇప్పుడు ముప్పై ఒకటి. రక్తపరీక్షల కేంద్రంలో ఎడమ కన్నుతో సూక్ష్మదర్శిని చూసి మంది జబ్బులు పట్టుకుంటుంది. సాన పట్టే యంత్రం, పనిముట్లు నా బావమరిదికి చెందాలి. నా దినం కాకముందే అయిదో అంశాన్ని వాళ్ళిద్దరి ముందూ బిగ్గరగా చదివించాలి.

షరా: ఇక్కడిదాకా రాసి మూడు రోజులు ఆపాను. నాలుగో రోజు బావమరిదికి కబురు పెట్టాను. ఇరవై రెండేళ్ళ తర్వాత మా గడప లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, అక్క ఫొటో ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కూర్చున్నాడు. కాగితాలు ఇచ్చాను. చదివి, అక్కకు తెలుసా అని ఒక్కటే అడిగాడు. తెలియదన్నాను. అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

చివరికి అన్నాడు: "చచ్చాక చెబితే దాన్ని చెప్పడం అనరు బావా. ఆ పిల్ల ఇంటికి పద. నువ్వే చెప్పు. అప్పుడు సాక్షి సంతకం పెడతాను."

సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో ఏమీ రాదని వకీలు చెప్పాడని గుర్తు చేశాను. యంత్రం నువ్వే ఉంచుకో అన్నాడు. నాకు కావలసింది ఆ కాగితం మీద నా పేరు అన్నాడు.

7. ఈ అంశాన్ని ఆదివారం పొద్దున ఆ అమ్మాయి ఇంట్లో, వంటగది బల్ల మీద రాస్తున్నాను. ఆమె తల్లి ఊళ్ళో లేదు. చెప్పాల్సింది చెప్పాను. బావమరిది మూడుసార్లు మంచినీళ్ళు ఇచ్చాడు గాని నా బదులు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె కాగితాలు తీసుకుని కిటికీ దగ్గర నిలబడి, ముఖం కాస్త పక్కకు పెట్టి చదివింది. రెండోసారి అయిదో అంశం మాత్రమే చదివింది. మూత ఏ జేబులో పెట్టుకున్నారని అడిగింది. చొక్కా జేబులో అన్నాను. నేను క్షమించమని అడగబోతుంటే చెయ్యెత్తి ఆపింది. దూరదర్శిని తనకు వద్దంది. రెండో సాక్షి ఎవరని అడిగింది. ఇంకా ఎవరినీ అనుకోలేదన్నాను. కలం ఇమ్మంది.

అందువల్ల ఆరో అంశంలో ఇద్దరికీ రాసినవి కొట్టివేస్తున్నాను. దూరదర్శిని, యంత్రం, పనిముట్లు గ్రంథాలయానికి చెందుతాయి. పగటిపూట సూర్యుణ్ణి చూపించే రోజున చిన్న గొట్టాన్ని మొత్తంగా ఊడదీసి, పెట్టెలో పెట్టి, తాళం వెయ్యాలి. తాళంచెవి పాఠం చెప్పేవాడి దగ్గర ఉండకూడదు. పైన ఎక్కడ ఏ కొట్టివేత ఉన్నా అది నేను చేసిందే. అయిదో అంశంలో మాత్రం ఒక్క అక్షరమూ కొట్టివేయలేదు.

సాక్షులిద్దరూ చూస్తుండగా, నేను రాసింది నేనే చదువుకుని, సమ్మతించి, సంతకం చేస్తున్నాను.

ఆదివారం, మార్చి పదిహేడు.

(సంతకం)
కళ్ళద్దాల దుకాణదారు, శనివారం పాఠాల మాస్టారు

సాక్షులు:

1. (సంతకం) వీలునామాదారు బావమరిది, గ్రంథాలయంలో మాజీ ఉద్యోగి.

2. (సంతకం) రక్తపరీక్షల కేంద్రం ఉద్యోగిని. ఈ కింది వాక్యాలు నా చేతిరాత.
చదివాను. ఆయన సంతకం చేస్తుండగా చూశాను. క్షమించానని దీనికి అర్థం కాదు. అయిదో అంశం నకలు ఒకటి నాకు ఈరోజే కావాలి. సాయంత్రం బండికి మా అమ్మ వస్తోంది.